చేపకు విటమిను, చెరువుకు పరీక్ష



మా కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. చెరువులే మాకు ఆధారం. 2018 నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి, కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం కింద మా చెరువులకు పంపుతున్నారు. ఎండిన చెరువులు నిండాయి. నిండిన చెరువుల్లో చేపపిల్లలను వదిలారు. దాని వెంటే ఒక భయమూ వచ్చింది. నగరం నీటిలో సీసం, కాడ్మియం వంటి భారలోహాలు ఉంటే చేప గతి ఏమిటి? దాన్ని తినే మన గతి ఏమిటి?

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకరోజు అడిగాడు: "సార్, మేతలో విటమిన్ పొడి కలిపితే చేపలో సీసం పోతుందంట. మా నాయన కొంటానంటున్నాడు. నిజమేనా?" వాళ్ల నాయన అప్పు చేసి చెరువు గుత్తకు తీసుకున్నాడు. అందుకే ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పలేదు.

భారలోహాలు చేప ఒంట్లోకి రెండు దారుల్లో వెళతాయి. ఒకటి మొప్పలు, రెండోది మేత. లోపలికి చేరాక అవి ప్రాణవాయువును హానిచేసే రూపాల్లోకి మారుస్తాయి. ఇనుమును తుప్పు తిన్నట్టు అవి కణాల పొరలను తినేస్తాయి. ఇక్కడే విటమిన్లు అడ్డుపడతాయి. కొవ్వులో కరిగే 'ఇ' విటమిను కణాల పొరలను కాపాడుతుంది. నీటిలో కరిగే 'సి' విటమిను, అలసిపోయిన 'ఇ' విటమినుకు మళ్లీ బలమిస్తుంది. శీలావతి, బొచ్చె వంటి చేపలు మనలాగే 'సి' విటమినును సొంతంగా తయారుచేసుకోలేవు. మేతలో అది చాలకపోతే వాటి వెన్నెముక వంకర తిరుగుతుంది. మేతలో ఈ విటమిన్లు తగినంత ఉన్న చేపలు లోహాల దెబ్బను మెరుగ్గా తట్టుకున్నట్టు ప్రయోగాల్లో తేలింది.

ఇంతవరకు పొడి అమ్మేవాడు చెప్పింది నిజమే. అతను చెప్పనివి మూడు ఉన్నాయి.

మొదటిది, మామూలు 'సి' విటమిను వేడికి, తేమకు, ఎండకు త్వరగా చెడిపోతుంది. అందుకే మంచి మేతల్లో ఫాస్ఫేటుతో కలిపిన నిలవ రకాన్ని వాడతారు. రెండోది, పెద్ద చెరువులో చేప ఎక్కువగా నీటిలోని నాచు, పురుగు తిని బతుకుతుంది. అక్కడ పొడి చల్లితే అది నీళ్లపాలే. ముఖ్యమైనది మూడోది. విటమిను చేపను బతికిస్తుందే గాని, చెరువులోని లోహాన్ని తీసివేయదు. లోహం కుళ్లిపోయేది కాదు, బురదలో చేరి ఉంటుంది. చేప ఆరోగ్యంగా కనిపించినా దాని ఒంట్లో సీసం ఉండవచ్చు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం కిలో చేపలో సీసం 0.3 మిల్లీగ్రాములు మించరాదు. అది కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు, ఉడికించినా పోదు.

మరి ఏం చేయాలి? గుత్తకు ముందే నీళ్లు, బురద, చేప మూడింటినీ పరీక్ష చేయించండి. మనం మీనుగారికె ఇలాఖె అనే మత్స్యశాఖ తాలూకా కార్యాలయంలో అడిగితే దారి చెబుతారు. నీటిలో ఆమ్లగుణం ఉంటే సున్నం మేలు చేస్తుంది. సున్నంలోని కాల్షియం మొప్పల దగ్గర కాడ్మియానికి, సీసానికి అడ్డుపడుతుంది. పరీక్ష లేకుండా వేస్తే మాత్రం చేపకే ముప్పు. బురదలో మేసే ఎర్రమోసు, బంగారుతీగ చేపలను అనుమానమున్న చెరువులో వదలకండి. ఇంట్లో చేప కోసేటప్పుడు మొప్పలు, కాలేజం, పేగులు పారవేయండి. కాడ్మియం ఎక్కువగా చేరేది కాలేజంలో, మూత్రపిండాల్లో. పాదరసం మాత్రం కండలోనే ఉంటుంది కాబట్టి శుభ్రం చేయడంతోనే నిశ్చింతగా ఉండలేము.

ఆ పిల్లవాడితో చివరికి ఇలా అన్నాను: "మీ నాయనతో చెప్పు. విటమిను గొడుగులాంటిది. తల తడవకుండా చూస్తుంది, వానను ఆపదు. పొడికి పెట్టే డబ్బులో ముందు కొంత నీటి పరీక్షకు పెట్టమను."

మన చెరువులు నిండినందుకు సంతోషిద్దాం. వాటిలో ఏం నిండిందో కూడా తెలుసుకుందాం. సెలవు.