ఇంటిల్లిపాదికీ ఒక బండి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ కాలపు గృహస్థునకు ఆ రెండింటి తరువాత మూడవ పరీక్ష ఒకటి వచ్చి చేరినది. అది కారు కొనడము. సామాన్య సంసారి ఇంటి తరువాత ఒక్క వస్తువుపై వెచ్చించే సొమ్ములో బహుశా ఇదే పెద్దది. అయినప్పటికీ, అరకిలో వంకాయలను పుచ్చులున్నవేమోనని తిప్పి తిప్పి చూచే మనము, పదిహేను లక్షల బండిని అరగంట చూచి బయానా ఇచ్చి వస్తాము. ఆ అరగంటను ఎట్లా పెంచుకోవాలో, పెంచుకొని ఏమేమి చూడాలో నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేడు చాలా కుటుంబాల చూపు ఎస్.యు.వి. అని పిలువబడే ఎత్తైన బండ్ల మీద ఉన్నది. వీటిలో మరీ చిన్నవీ, మరీ పెద్దవీ కాక నడుమ ఒక తరగతి ఉన్నది. 2012లో వచ్చిన రెనో డస్టర్, 2015లో వచ్చిన హ్యుండాయ్ క్రెటా మన దేశంలో ఈ తరగతికి గిరాకీ తెచ్చినవి. తరువాత కియా సెల్టోస్, స్కోడా కుషాక్, ఫోక్స్‌వాగన్ టైగున్, మారుతి గ్రాండ్ విటారా, హోండా ఎలివేట్ మొదలైనవి వచ్చినవి. నాలుగు మీటర్లకు మించిన పొడవు, ఐదుగురికి చోటు, వీటి సామాన్య లక్షణాలు. వీటిలో ఏది ఉత్తమమని అడిగితే నేను చెప్పలేను. మీ ఇంటికి ఏది తగునో తెలుసుకొనే విధానము మాత్రము చెప్పగలను. మా ఇంటి అనుభవమే నాకు ఆ విధానము నేర్పినది.

మేము ఇంట్లో ఆరుగురము. నేను, నా భార్య, అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు. ఒక ఆదివారము అందరము కలిసి బండి చూడబోయినాము. షోరూములో దీపాల వెలుగులో బండి పెళ్లికొడుకువలె నిలిచి ఉన్నది. పై కప్పు గాజుది. మీట నొక్కితే తెర తొలగి ఆకాశము కనిపిస్తుంది. పిల్లలు కేరింతలు కొట్టారు. అబ్బాయి అప్పుడే మనసులో కొనివేసినాడు.

"ఐదుగురికే కదా చోటు, ఆరవవారి సంగతి ఏమిటిరా?" అన్నాను.

"పాప చిన్నదే కదా నాన్నగారూ, అమ్మ ఒళ్లో కూర్చుంటుంది" అన్నాడు.

"నా ఒళ్లోనే ఉంటుంది. గట్టిగా పట్టుకుంటాను" అన్నది నా భార్య. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో ఎంతో సంతోషము. నేనూ సరే అన్నాను.

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి తీసుకొన్నవాడిని. ఆ రాత్రి నిద్ర పట్టక, ఏటేటా పిల్లలకు నల్లబల్ల మీద వేసి చూపిన లెక్కనే కాగితము మీద వేసినాను. పాప బరువు 20 కిలోలు. బండి వేగము గంటకు 54 కిలోమీటర్లు, అనగా సెకనుకు 15 మీటర్లు. ఎదుట దేనికో తగిలి బండి సెకనులో పదవ వంతు కాలంలో ఆగినదనుకొందాము. అప్పుడు పాపను ఆపడానికి కావలసిన బలము సుమారు మూడు క్వింటాళ్ల బరువును ఎత్తి పట్టుకొనే బలముతో సమానము. ఏ నాయనమ్మ చేతులకు అంత బలమున్నది? పైగా నాయనమ్మకే బెల్టు లేకపోతే ఆమె బరువు కూడా ముందున్న పసిబిడ్డ మీదనే పడుతుంది. ఇన్నేళ్లు ఊరి పిల్లలకు చెప్పిన లెక్క నా మనుమరాలి విషయంలో ఆ షోరూములో నాకు జ్ఞాపకము రాలేదు.

2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు మహారాష్ట్రలోని పాల్ఘర్ ప్రాంతంలో ప్రమాదానికి గురి అయినది. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బ్రతికినారు. వెనుక సీట్లలోని ఇద్దరూ మరణించినారు. వెనుకనున్న ఆ ఇద్దరికీ బెల్టులు లేవని పోలీసులు ప్రకటించినారు. బండి ఖరీదైనదే. మన మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారము పదునాలుగేండ్ల లోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకుండా బండి నడిపితే వేయి రూపాయల జరిమానా. చట్టము మాట అటుంచినా, లెక్క తప్పదు కదా!

కనుక బండి చూడబోయినప్పుడు మొట్టమొదట చూడవలసినది వెనుక సీటు. అక్కడ ముగ్గురికీ భుజము మీదుగా వచ్చే బెల్టులు ఉన్నవా? నడుమవారికి నడుముపట్టీ మాత్రమే ఉన్నదా? మూడు తలలకూ ఆనిక ఉన్నదా? పిల్లల సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నవా? ఆ సీటును అక్కడే బిగించి చూపుమని అడగండి. పిల్లల సీటు ఒకటి బిగించిన తరువాత పక్కన ఇద్దరు పెద్దలు నిజముగా పడతారా అన్నది కూర్చొని చూస్తేనే తెలుస్తుంది.

రెండవది, ప్రమాద పరీక్షల ఫలితము. 2023 అక్టోబరు నుండి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్షా పద్ధతి అమలులోనికి వచ్చినది. ఇందులో బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగముతో అడ్డుగోడకు ఒక పక్కగా ఢీకొట్టిస్తారు. పక్కనుండి కూడా దెబ్బ కొట్టి చూస్తారు. పెద్దల రక్షణకు వేరుగా, పిల్లల రక్షణకు వేరుగా నక్షత్రాలు ఇస్తారు. అంతకు ముందు గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు చేసిన పరీక్షలలో, 2022 అక్టోబరులో, కుషాక్, టైగున్ రెండూ పెద్దల రక్షణకూ పిల్లల రక్షణకూ ఐదేసి నక్షత్రాలు పొందినవి. అయితే ఐదు నక్షత్రాలని వినగానే తృప్తి పడరాదు. ఆ పరీక్ష ఏ సంవత్సరంలో జరిగినది, పరీక్షించిన బండిలో ఎన్ని గాలిసంచులు ఉన్నవి, మనము కొనబోయే రకంలోనూ అవన్నీ ఉన్నవా అని అడగాలి. ఎత్తైన బండి మలుపులో వేగముగా తిరిగినప్పుడు పల్లపు కారుకంటె ఎక్కువగా ఒరుగుతుంది. కనుక బండి పట్టు తప్పకుండా చక్రాలకు తానే విడివిడిగా బ్రేకు వేసే సాధనము, అనగా ఇ.ఎస్.సి., మనము కొనే రకంలో ఉండి తీరాలి. గాజు కప్పు లేకపోయినా ప్రయాణము సాగుతుంది.

మూడవది, ఇంటిలోని పెద్దవారు. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. కొన్ని బండ్లలో సీటు ఆమె నడుము ఎత్తుకు సరిగా ఉండి, వంగకుండా, ఎగబాకకుండా పక్కకు జరిగి కూర్చొనగలిగినది. మరికొన్నింటిలో గడప ఎత్తుగా ఉండి, కాలు ఎత్తడానికే రెండు చేతుల సాయము కావలసి వచ్చినది. ఈ తేడా ఏ కరపత్రంలోనూ అచ్చు వేయరు. కాబట్టి ఇంటిలో అందరికంటె పెద్దవారిని వెంట తీసుకొనిపోయి, కనీసము ఐదుమార్లు ఎక్కించి దించండి. బండి నడిపేవారు తమకు అనువుగా ముందుసీటు సర్దుకొన్న తరువాతనే, దాని వెనుక మరొకరు కూర్చొని మోకాళ్లకు చోటున్నదో లేదో చూడాలి.

నాలుగవది, ఇంటిలోని చిన్నవారు. బండి ఎత్తు పెరిగిన కొద్దీ దూరాన ఉన్నది బాగా కనిపిస్తుంది గాని, బానెట్టుకు దగ్గరగా ఉన్నది కనిపించదు. మేము ఒక ప్లాస్టిక్ కుర్చీని బండి ముందు ఉంచి, అబ్బాయిని లోపల కూర్చోబెట్టి, అది కనబడేవరకు వెనుకకు జరుపుతూ పోయినాము. ఎంత దూరము జరిపిన పిదప అది కనిపించినదో చూచి మా కోడలు నిశ్చేష్టురాలైనది. ఆ కుర్చీ ఎత్తు మా పాప ఎత్తు. మీరూ ఈ పరీక్ష చేయండి. బండి వెనుకకు వచ్చేటప్పుడు కెమెరా సాయపడుతుంది. అయితే వాకిట్లో పిల్లలు ఎక్కడున్నారో చూచుకొన్న తరువాతనే తాళము తిప్పాలనే నియమము ఏ కెమెరాకూ తీసిపోదు.

ఐదవది, మన రోడ్డు, మన గుమ్మము. క్రెటానే తీసుకొంటే పొడవు 4,330 మిల్లీమీటర్లు, అద్దాలు కాక వెడల్పు 1,790. బండి నిలిపే చోటును ముందుగా టేపుతో కొలుచుకొని వెళ్లండి. తలుపు తెరచి మనిషి దిగడానికి కూడా చోటు మిగలాలి. అడుగున ఎడము 190 మిల్లీమీటర్లని ఒకరు, 220 అని మరొకరు చెబుతారు. ఐదుగురూ కూర్చొని, డిక్కీలో సామాను పెడితే ఆ ఎడము తగ్గుతుంది. కనుక పరీక్షకు బండిని నడిపేటప్పుడు షోరూము ముందున్న నున్నని రోడ్డు చాలదు. అందరూ ఎక్కండి. మీ వీధిలోని స్పీడు బ్రేకరు మీదుగా పోనీయండి. ఏసీ వేసి, నిండు బరువుతో ఏదైనా వంతెన ఎక్కే దారిలో మధ్యలో ఆపి, మళ్లీ కదిలించండి. తిరుమల కొండకు పైకి పోయే దారి వేరు, దిగే దారి వేరు. ఎక్కేటప్పుడు ఇంజను శక్తి తెలుస్తుంది. దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజనుతోనే వేగము అణచుకొనగలమా, బ్రేకు మీదనే ఆధారపడవలెనా అన్నది తెలుస్తుంది. వీలైతే ఒకమారు చీకటి పడిన తరువాత కూడా నడిపి, దీపాల వెలుగు ఎంత దూరము పడుతున్నదో చూడడము మంచిది.

ఇక డబ్బు సంగతి. డీజిలా, పెట్రోలా అన్నది అభిమానము మీద కాక లెక్క మీద తేలవలసిన ప్రశ్న. పెట్రోలు బండికి కిలోమీటరుకు 7 రూపాయలు, డీజిలు బండికి 5 రూపాయలు అవుతున్నదనుకొందాము. డీజిలు బండి ఖరీదు లక్షన్నర ఎక్కువ అనుకొందాము. కిలోమీటరుకు 2 రూపాయల వంతున ఆ లక్షన్నర తిరిగి రావాలంటే 75,000 కిలోమీటర్లు తిరగాలి. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవారికి నాలుగేళ్లు దాటగానే వస్తుంది. 500 మాత్రమే తిరిగేవారికి పన్నెండున్నర ఏళ్లు పడుతుంది. అంతేకాక, 2020 ఏప్రిల్ నుండి అమలైన కొత్త నిబంధనల డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది శుభ్రపడడానికి అప్పుడప్పుడు దూర ప్రయాణము కావాలి. రోజూ బడి వరకు, బజారు వరకు మాత్రమే పోయే బండికి డీజిలు నప్పదు.

అప్పు చేసేవారు నెలవాయిదాను మాత్రమే చూడరాదు. 10 లక్షలు నూటికి 9 వడ్డీకి తీసుకొంటే, ఐదేళ్లకు నెలకు సుమారు 20,760 రూపాయలు, ఏడేళ్లకు సుమారు 16,090. రెండవది తేలికగా తోస్తుంది. కాని మొత్తము మీద అది లక్ష రూపాయలకు పైగా ఎక్కువ. నాలుగు మీటర్లు మించిన ఈ బండ్ల మీద 2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. నూటికి 40. అది ధరలోనే కలిసి ఉంటుంది. ఆపైన జీవితకాలపు పన్ను, బీమా, రిజిస్ట్రేషను చేరుతాయి. బీమా బయట కూడా తీసుకొనవచ్చును గనుక రెండు మూడు చోట్ల ధర అడగండి. ఆపైన తివాచీలు, తొడుగులు, మెరుపు పూతలు అంటూ మరొక పట్టీ ఇస్తారు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్లు కాకుండా, అక్కరలేని పంక్తులను అక్కడే కొట్టివేయుమనడానికి మొగమాటము పనికిరాదు.

మా సంగతి ఏమైనదని మీరు అడగవచ్చును. ఆ కాగితము మరునాడు ఉదయము అబ్బాయి చేతిలో పెట్టినాను. వాడు రెండుమార్లు చదివి, ఏమీ అనలేదు. మరి మూడు వారాలు తిరిగి మూడు బండ్లు చూచినాము. ఏడుగురు పట్టే బండి కొందామా అనుకొన్నాము. కాని ఆరుగురము కలిసి పోయేది ఏడాదికి రెండు మూడు మార్లే. అందుకోసము రోజూ అంత పెద్ద బండిని ఇరుకు సందులో తిప్పడము తగదని తోచినది. చివరకు ఐదుగురి బండే తీసుకొన్నాము. గాజు కప్పు లేని నడిమి రకము. ఆరు గాలిసంచులు, వెనుక మూడు పూర్తి బెల్టులు ఉన్నవి. మిగిలిన సొమ్ములో కొంత పెట్టి పాపకు సీటు కొన్నాము. ఆరుగురమూ కలిసి పోవలసి వస్తే మేమిద్దరము రైలెక్కుతాము, లేదా పెద్ద బండి అద్దెకు తీసుకొంటాము.

ఒడి ఖాళీ అయినదని నా భార్య కొన్నాళ్లు చిన్నబుచ్చుకొన్నది. ఇప్పుడు వెనుక సీటులో పాప పక్కనే కూర్చొంటుంది. బండి కదిలే ముందు పాప బెల్టు ఒకమారు లాగి చూచి, తన బెల్టు తగిలించుకొని, "ఇక పోనీయరా" అంటుంది. ఆమె ఆ మాట అనేవరకు మా అబ్బాయి తాళము తిప్పడు.