పాత భజనమందిరమును గూర్చి



మన చిత్తూరు, తిరుపతి సీమలయందు పెక్కు గ్రామముల నడుమ ఒక భజనమందిరమో, పదిమంది కూర్చుండు చావడియో కలదు. వీనిలో అనేకములకు వయసు మీరినది. గోడలు నెఱ్ఱెలు విచ్చినవి, మిద్దెలు కురియుచున్నవి, రాతిసందులలో రావిమొక్కలు వేళ్లుతన్నినవి. “దీనిని పడగొట్టి క్రొత్తది కట్టుదమా, బాగుచేయుదమా, ఇట్లే విడిచిపెట్టుదమా?” అను ప్రశ్న ఊరూర వినబడుచున్నది. మా గ్రామమునందును ఈ ప్రశ్న పుట్టి పెద్దలను రెండు పక్షములుగ జీల్చినది. ఉభయుల వాదములను విని నాకు తోచిన సంగతులను నేడు మీకు విన్నవింతును.

ముందుగా ఈ మందిరములు ఎందులకై పుట్టినవో తలచుకొందము. ధనుర్మాసమున తెల్లవారుజామున భజన, వెన్నెల రాత్రుల కోలాటము, చెక్కభజన, పంట చేతికివచ్చిన పిదప వీధినాటకము, ఇవి యన్నియు ఇచ్చటనే జరిగెడివి. ద్రౌపదమ్మ గుడులున్న గ్రామములలో పదునెనిమిది దినముల భారతమును మీరెల్లరు ఎరుగుదురు. పగలు హరికథ, రాత్రి నాటకము. అర్జునుడు తపస్సుమాను నెక్కుట, మట్టితో మలచిన దుర్యోధనుని వధ, తుదకు అగ్నిగుండము. ఇన్నిటికి నాలుగు గోడలు చాలవు. వేషములు వేసికొనుటకు మరుగు, వచ్చినవారికి వంటయిల్లు, జనము కూర్చుండుటకు విశాలమైన బయలు కావలయును. కావున మందిరముకన్న దాని ముందరి బయలే విలువైనదని నా యభిప్రాయము. క్రొత్త కట్టడము పేర ఆ బయలును అంగళ్లతో నింపినచో, భవనము మిగులును గాని భారతమునకు చోటు మిగులదు.

ఇట్టి చోటులవలన కలుగు ఫలము చిన్నది కాదు. గుంటూరుసీమలోని రేపల్లెలో 1904లో జన్మించిన నాగయ్యగారు చిత్తూరు రామవిలాససభ నాటకములలో పాడి, ఆడి పేరుపొందిరి. పిదప 1942లో పోతనగను, 1946లో త్యాగయ్యగను, 1947లో వేమనగను వెండితెరపై దర్శనమిచ్చిరి. నేటికిని వారిని చిత్తూరు నాగయ్య యనియే పిలుచుచున్నాము. పుట్టిన ఊరు వేరైనను, రంగస్థలమిచ్చిన ఊరే ఇంటిపేరైనది.

చెన్నపురిలోని విక్టోరియా పబ్లిక్ హాలు కథయు వినదగినది. దానికి 1883లో విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజుగారు శంకుస్థాపన చేసిరి. ప్రజల చందాలతో అది లేచినది. 1891లో బళ్లారి సరసవినోదినీసభవారు అచ్చట తెలుగు నాటకములాడగా, వానిని చూచి ఉత్సాహము పొంది పమ్మల్ సంబంధ మొదలియారుగారు సుగుణవిలాససభను స్థాపించి తమిళ నాటకమునకు క్రొత్తదారి చూపిరి. అంతటి మందిరము సైతము పిమ్మట బహుకాలము మూతపడి శిథిలమైనది. తుదకు కార్పొరేషనువారు గొప్ప వ్యయముతో మరమ్మతులకు పూనుకొనవలసివచ్చినది. ఏటేట చేయవలసిన చిన్నపనిని మానినచో తరువాత పెద్దపని మీద బడునని దీనివలన తెలియుచున్నది.

ఇక మన పని యెట్లు సాగవలయును? మొదట స్థలము ఎవరిదో తేల్చవలయును. గ్రామకంఠమా, పోరంబోకా, దేవాలయపు ఆస్తియా, దాత వ్రాసియిచ్చిన దానపత్రము గలదా? నోటిమాటలు చాలవు, తహశీలుదారు కచ్చేరిలోను, రిజిస్ట్రారు కచ్చేరిలోను చూచుకొనవలయును. దేవాలయపు ఆస్తియైనచో 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టమునకు లోబడి, ఆ శాఖవారి యనుమతి పొందియే ముందుకు పోవలయును. పిదప సంగతి గ్రామసభలో పెట్టవలయును. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామసభకు చోటిచ్చినది ఊరివారెల్లరు కూడి మాటాడుకొనుటకే. నలుగురు ఒకరి అరుగుపై కూర్చుండి చేసిన నిర్ణయమును ఊరు తనదిగా తలపదు.

రెండవది కట్టడమును తెలిసినవానిచే పరీక్షింపజేయుట. పాతగోడలు చాలవరకు సున్నముతో కట్టినవి. సున్నపుగోడ తేమను పీల్చి మరల విడుచును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే చిక్కి గోడను తినివేయును. బాగుచేసితిమని తలచి చెడగొట్టినవారు కలరు. దూలముల కొనలు గోడలో పుచ్చినవేమో, పునాది క్రుంగినదేమో చూడవలయును. రావిమొక్కను పైపైన నరికిన మరల చిగుర్చును, వేరుతో తీయవలయును. చంద్రగిరి రాజమహలును చూచినవారికి రాయి, ఇటుక, సున్నము ఎంతకాలము నిలుచునో తెలియును. కఱ్ఱ లేకయే కట్టిన ఆ మహలు నేడు పురావస్తు ప్రదర్శనశాలగా ఉపయోగపడుచున్నది.

క్రొత్తది కోరువారి మాటలోను సత్యము కలదు. పాతమందిరములో స్త్రీలకు మరుగుదొడ్డి లేదు. పిల్లలు చదువుకొనుటకు గది లేదు. వృద్ధులు ఎక్కుటకు అనువైన మెట్లు లేవు. అంతకన్న ముఖ్యమైనది ఒకటి గలదు. పూర్వము భజన లోపల జరుగుచుండగా, మన ఊరివారే కొందరు వాడలలో పుట్టిన కారణమున బయట నిలుచుండి వినవలసివచ్చెడిది. మద్రాసు రాష్ట్రమున 1947లో ఆలయప్రవేశ చట్టము వచ్చినది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. పాతదానిపై ప్రీతిచేత పాత అడ్డుగోడనుగూడ నిలుపుకొనుట తగదు. ఏ వాడవారైనను తలయెత్తుకొని లోనికి వచ్చి ముందువరుసలో కూర్చుండగలిగిన నాడే దానిని కాపాడినందులకు ఫలము.

కావున నా మనవి యిది. గోడలు గట్టివైనచో మందిరమును సున్నముతోనే బాగుచేయుదము. వెనుకవైపున వంటయిల్లు, మరుగుదొడ్లు, చదువుగది వేరుగ కట్టుదము. ముందరి బయలును అంగుళమైనను తగ్గింపరాదు. అంగళ్లు తప్పనిసరియైనచో వీధివైపున మాత్రమే యుండవలయును. వాని అద్దె మందిరమునకే చేరవలయును. గోడలు నమ్మదగనివని తేలినచో పడగొట్టుటకు వెనుదీయవలదు. అయితే క్రొత్తదానికి పటము, ధనము, అనుమతి మూడును చేతికి వచ్చినపిదపనే గడ్డపార పట్టవలయును. పడగొట్టుట ఒక్కదినపు పని, కట్టుట ఏండ్ల పని. రాతికంబములను, మంచి దూలములను, దాతల పేళ్లు చెక్కిన రాళ్లను భద్రపరచి క్రొత్తదానిలో నిలుపవలయును.

కట్టిన తరువాతి పోషణను ముందే లెక్కింపవలయును. దీపపు ఖర్చు, ఏటేట సున్నము, ఊడ్చువారి కూలి, వీనికి రాబడి ఏది? పంటకాలమున ఇంటింటినుండి శక్తికొలది కొంత తీసి నిధిగా నుంచి, ఉగాదినాడు పంచాంగశ్రవణముతోబాటు ఆ లెక్కనుగూడ అందరికి చదివి వినిపింపవలయును. పాలకసంఘమున స్త్రీలును, యువకులును, అన్ని వాడలవారును ఉండవలయును. రేపు అచ్చట ఆడవలసినవారు, పాడవలసినవారు, చదువవలసినవారు వారే గదా!

మన పూర్వులు తమ గింజలలో పాలుపెట్టి మనకు ఆ చోటును ఇచ్చిరి. ఈ యేడు గ్రామసభ కూడినపుడు ఈ విషయమును కార్యక్రమములో చేర్పించి, కాగితములు చేతబట్టుకొని పోవుదురని నమ్ముచు సెలవు గైకొనుచున్నాను.