ఐగుప్తులో ఒక హాజరు పట్టీ

మీరు కూర్చున్న చోట గోడకు క్యాలెండరు ఉంటే ఒకసారి దానివైపు చూడండి. పాలు పోయించుకోని రోజున, పనిమనిషి రాని రోజున ఇంటి యజమానురాలు సున్న చుట్టిన అంకెలు కనబడతాయి. ఏడాదికి 365 రోజులని లెక్కగట్టి వాడుకొన్నవారు ప్రాచీన ఐగుప్తీయులు. ముప్పై రోజుల నెలలు పన్నెండు, చివర ఐదు రోజులు. క్రీ.పూ. 45లో జూలియస్ కైసరు రోమా క్యాలెండరును దిద్దినప్పుడు ఆ లెక్కనే తీసికొని, నాలుగేండ్లకొకసారి ఒక రోజు కలిపాడు. మన గోడ మీది క్యాలెండరుకు మూలము అక్కడ ఉన్నది.

అయితే ఐగుప్తు అనగానే మనకు గుర్తుకు వచ్చేది పిరమిడ్లే. ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలి. ఇశ్రాయేలీయుల చేత పిరమిడ్లు కట్టించారని నేను ఎన్నో ప్రసంగాలలో చెప్పాను. వాక్యములో ఆ మాట లేదు. నిర్గమకాండములో ఉన్నవి పీతోము, రామెసేసు అను ధాన్యపు పట్టణములు, జిగటమన్ను, ఇటుకలు. గీజాలోని గొప్ప పిరమిడు కూఫు రాజు కాలములో, క్రీ.పూ. 26వ శతాబ్దములో లేచినది. అది మోషేకు వెయ్యేండ్లకు పైగా ముందటి మాట. 2013లో ఎర్రసముద్రపు తీరమున వాది అల్ జర్ఫ్ అనే చోట జమ్ము కాగితాలు దొరికాయి. మెరెర్ అనే అధికారి తన మనుష్యులతో తూరా గనుల సున్నపురాయిని పడవల మీద గీజాకు చేరవేసిన దినచర్య వాటిలో ఉన్నది. (మోషే తల్లి తన బిడ్డను దాచిన పెట్టె అల్లినది ఆ జమ్ముతోనే. పేపరు అనే మాట కూడ దాని పేరు నుండి వచ్చినదే.) 1990 నుండి పిరమిడు సమీపాననే ఆ పనివారి సమాధులు బయటపడ్డాయి. కొందరి విరిగిన ఎముకలు చక్కగా అతుక్కొని ఉన్నాయి. అంటే వారికి వైద్యము చేసినవారున్నారు.

అంతమాత్రాన ఐగుప్తులో పనివారికి కష్టమే లేదనుకోవద్దు. రాజుల లోయలో సమాధులు తొలిచే పనివారు దెయిర్ ఎల్ మెదీనా అనే చిన్న ఊరిలో కాపురముండేవారు. వారి జీతము డబ్బు కాదు, ధాన్యము. ఒక్కొక్కరికి నెలకు నాలుగు బస్తాల గోధుమ, ఒకటిన్నర బస్తా యవలు. క్రీ.పూ. 12వ శతాబ్దములో, మూడవ రామెసేసు ఏలుబడి 29వ సంవత్సరమున, ఆ ధాన్యము రాలేదు. నెలలో పద్దెనిమిది రోజులు గడిచాయి, పిల్లలు ఆకలితో ఉన్నారు. పనివారు పనిముట్లు వదలి, కావలి గోడలు ఐదు దాటి వెళ్ళి, మూడవ తుత్మోసు ఆలయము వెనుక కూర్చున్నారు. అధికారులు వచ్చి మంచి మాటలు చెప్పారు. వారు లేవలేదు. బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు, మా సంగతి ఫరోకు వ్రాయండి అన్నారు. చివరకు ముందు నెల బాకీ ధాన్యము కొలిచి ఇచ్చారు. లోకములో వ్రాతలో మిగిలిన మొట్టమొదటి సమ్మె ఇదేనని చరిత్రకారులు చెప్తారు. దానిని వ్రాసి పెట్టిన గుమాస్తా అమెన్నఖ్త్. ఆ జమ్ము పత్రము ఇప్పుడు ఇటలీలోని టూరిన్ నగరములో ఉన్నది.

అదే ఊరి రాతిపలక ఒకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. నాకు పిరమిడ్ల కంటే అది గొప్పగా తోచుతుంది. రెండవ రామెసేసు 40వ సంవత్సరపు హాజరు పట్టీ అది. నలభైమంది పేర్లు నల్ల సిరాతో, రాని రోజులకు కారణాలు ఎర్ర సిరాతో ఉన్నాయి. సేబాను తేలు కుట్టింది. పెన్నుబ్ తల్లికి జబ్బు చేసింది. హుయ్‌నెఫెర్‌కు కన్ను నొప్పి. ఇంకొకడు చనిపోయిన తనవారికి ప్రేతవస్త్రము చుట్టడానికి ఆగిపోయాడు. కొందరిని పై అధికారి తన సొంత పనికి పిలుచుకొనిపోయాడట! మూడు వేల ఏండ్లలో మారనివి కొన్ని ఉన్నాయి.

ఆ రాజు తన పేరును కొండంత విగ్రహాల మీద చెక్కించుకొన్నాడు. పేరు నిలిస్తేనే మరణము తరువాత బ్రతుకని ఆ జనము నమ్మేవారు. నిర్గమకాండము తెరిచి చూడండి. ఇశ్రాయేలీయులను బాధించిన ఫరో పేరు ఎక్కడా లేదు. షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రము ఉన్నాయి. లేవీయకాండము 19వ అధ్యాయములో కూలివాని కూలిని గూర్చిన ఆజ్ఞ కూడ, గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క అడిగిన ఆ దేశము నుండి బయటికి వచ్చిన జనమునకే ఇవ్వబడినది.

ఇప్పుడు మరల మీ గోడ వైపు చూడండి. మీరు చుట్టిన సున్నల ప్రక్కన కారణము వ్రాసి ఉన్నదా? నెలాఖరున జీతములో కోయడానికి లెక్క సరిగానే ఉంటుంది. ఆమె ఆ రోజు ఎందుకు రాలేదో అడిగారా? జ్వరమో, తల్లికి బాగోలేకనో, పిల్లవానికి బడిలో పనో. ఈ నెల జీతము ఇంకా ఇవ్వకపోతే, రేడియో కట్టివేసిన తరువాత మొదట ఆ పని చూడండి.