నక్షత్రాల లెక్క, కరెంటు లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనవాళ్లు ఎక్కడ కలిసినా ఈ మధ్య ఒక మాట వినిపిస్తోంది. "మా పాప ఖగోళ భౌతికశాస్త్రం చదువుతానంటోంది. నక్షత్రాలు చూస్తూ కూర్చుంటే రేపు ఉద్యోగం ఎవరిస్తారు?" నేను కరెంటు పని చేసే ఇంజనీరును. ఈ ప్రశ్నకు జవాబు మా కరెంటు రంగంలోనే ఉంది కాబట్టి నాలుగు మాటలు చెప్తాను.

మన చిన్నప్పుడు ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ షూటింగుల్లో ఆర్క్ లైట్లు వాడేవాళ్లు. రెండు కార్బన్ కడ్డీల మధ్య కళ్లు చెదిరేలా వెలిగే ఆ వెలుగే ప్లాస్మా. వాయువు బాగా వేడెక్కితే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఎంత వేడికి ఎన్ని ఊడతాయో 1920లో మేఘనాథ్ సాహా సూత్రం కట్టారు. ఆయన లెక్క వేసింది సూర్యుడి గురించి, నక్షత్రాల గురించి. ఆ సూత్రం భూమ్మీది ప్లాస్మాకూ పనికొచ్చింది.

అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో లైమన్ స్పిట్జర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఉండేవారు. నక్షత్రాల మధ్య ఉండే పలచని వాయువు ఆయన విషయం. 1951లో అర్జెంటీనా నుంచి ఒక వార్త వచ్చింది: సూర్యుడిలో జరిగే ఫ్యూజన్‌ను తాము సాధించామని. అది ఉత్తిదని తేలిపోయింది గానీ, స్పిట్జర్ బుర్రలో పురుగు తొలిచింది. అంత వేడి ప్లాస్మాను ఏ పాత్రా మోయలేదు, మరి అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచితే? అలా స్టెల్లరేటర్ అనే యంత్రం పుట్టింది. ఆ పని పెరిగి పెరిగి 1961 నాటికి ప్రిన్స్‌టన్ ప్లాస్మా ఫిజిక్స్ లాబొరేటరీ అయింది. అంతరిక్షంలో టెలిస్కోపు పెట్టాలని 1946లోనే రాసింది కూడా ఈయనే. 1990లో హబుల్ ఎగిరింది.

ఇప్పుడు కంప్యూటర్‌తో భౌతికశాస్త్రం చేసేవాళ్ల సంగతి చూద్దాం. గెలాక్సీలో తిరిగే వాయువును చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో సాంద్రత, వేగం, వేడి, అయస్కాంత క్షేత్రం రాసుకుని, కొద్దికొద్దిగా కాలాన్ని ముందుకు జరుపుతూ లెక్క కడతారు. అక్కడ గడి కాంతి సంవత్సరాల వెడల్పు ఉండొచ్చు. ఫ్యూజన్ యంత్రంలో మిల్లీమీటర్లలోకి వస్తుంది. చాలావరకు సమీకరణాలు అవే. అయస్కాంత క్షేత్రంలో తిరిగే ద్రవం ఎప్పుడు అదుపు తప్పుతుందో 1959లో రష్యాలో వెలిఖోవ్, 1960లో మన చంద్రశేఖర్ లెక్కగట్టారు. 1991లో బాల్బస్, హాలీ దాన్నే బ్లాక్‌హోల్ చుట్టూ తిరిగే వాయువుకు అన్వయించారు. ఆ వెలిఖోవే తర్వాత ఐటర్ ఫ్యూజన్ ప్రాజెక్టుకు పెద్ద దిక్కయ్యారు.

మరి రంగం మారినవాళ్లకు కొత్తగా ఏం ఎదురవుతుంది? మొదటిది వేడి. సూర్యుడి నడిబొడ్డున వేడి కోటిన్నర డిగ్రీలు. అక్కడ ఘనపు మీటరుకు 300 వాట్ల శక్తి కూడా పుట్టదు. అంత పెద్దవాడు కాబట్టి సూర్యుడికి చెల్లుతుంది. మనకు చిన్న యంత్రంలో పని జరగాలి కాబట్టి 15 కోట్ల డిగ్రీలు కావాలి. రెండోది గోడ. నక్షత్రానికి గోడ లేదు, యంత్రానికి ఉంది, దాన్ని కాపాడుకోవాలి. మూడోది పరీక్ష. నక్షత్రం విషయంలో లెక్క తప్పితే తెలిసేసరికి తరం గడిచిపోవచ్చు. యంత్రం దగ్గర సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. మా ఇంజనీర్లకు అలవాటైన క్రమశిక్షణ అదే.

మన దేశంలోనూ దారి ఇలాగే సాగింది. విక్రమ్ సారాభాయ్ కాస్మిక్ కిరణాల కోసం పెట్టిన అహ్మదాబాద్ పీఆర్‌ఎల్‌లోనే 1982లో ప్లాస్మా కార్యక్రమం మొదలైంది. ప్రిన్స్‌టన్ నుంచి తిరిగొచ్చిన ప్రధిమన్ కృష్ణ కా దాన్ని నడిపించారు. అదే 1986లో విడిగా ప్లాస్మా పరిశోధనా సంస్థ అయింది. 1989లో ఆదిత్య టోకమాక్ నడిచింది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్‌కు దాదాపు 3,850 టన్నుల క్రయోస్టాట్ మన దేశమే ఇచ్చింది.

అయితే అరచేతిలో వైకుంఠం చూపించను. ఇరవై ఏళ్లలో ఫ్యూజన్ చేతికొస్తుందని 1955లో హోమీ భాభా అన్నారు. ఇప్పటికీ రాలేదు. 2023లో ఇంగ్లండ్‌లోని జెట్ యంత్రం ఒక్క విడతలో 69 మెగాజూళ్లు ఇచ్చి రికార్డు కొట్టింది. మన మీటరు లెక్కలో అది 19 యూనిట్లు. అదీ వేడి రూపంలోనే, కరెంటుగా కాదు. ఇంకా చేయాల్సింది కొండంత ఉంది. అందుకే మనుషులు కావాలి.

కాబట్టి ఆ పాప తల్లిదండ్రులకు నా జవాబు ఇది. ఆమె నేర్చుకునేది నక్షత్రాల పేర్లు కాదు. కలన గణితం, ప్రోగ్రామింగ్, తన లెక్కను తానే అనుమానించి సరిచూసుకునే ఓపిక. వీటితో ఫ్యూజన్‌లోకి వెళ్లొచ్చు, వాతావరణ అంచనాల్లోకి వెళ్లొచ్చు. మన ఊళ్లోనే ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ వాళ్లు సముద్రపు అలలను ఇలాగే లెక్కిస్తున్నారు. మనకు దగ్గరలోనే గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్ ఉంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లి, ముందే అడిగి, చూపించి రండి.

సార్లకు, టీచర్లకు ఒక విన్నపం. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నా బతుకంతా అదే గాడిలో సాగాలని పిల్లలకు చెప్పకండి. మన సంఘం తరఫున ఏటా ఒక శనివారం, రంగం మార్చుకున్న మన పూర్వ విద్యార్థులను పదో తరగతి పిల్లల ముందు మాట్లాడిద్దాం. మొదటి ఏడాది నేనొస్తాను.