ఒక్క జఠరికతో నడిచే గుండె: రక్తగమనం, శస్త్రచికిత్స

మామూలు గుండెలో రెండు జఠరికలకు రెండు పనులు. కుడి జఠరిక చెడు రక్తాన్ని తక్కువ పీడనంతో ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమ జఠరిక మంచి రక్తాన్ని ఎక్కువ పీడనంతో ఒంటినిండా తోస్తుంది. కొందరు శిశువుల్లో తల్లి కడుపులోనే వీటిలో ఒకటి ఎదగకుండా ఆగిపోతుంది. ట్రైకస్పిడ్ కవాటం ఏర్పడక కుడి జఠరిక చిన్నదైపోవచ్చు; గుండె ఎడమ భాగమంతా కుంచించుకుపోవచ్చు; రెండు కర్ణికలూ ఒకే జఠరికలోకి తెరుచుకోవచ్చు. రూపం ఏదైనా, మంచి చెడు రక్తాలు కలిసిపోయి, రెండు దారులకూ ఒక్క జఠరికే దిక్కవుతుంది. ఊపిరితిత్తులకు రక్తం చాలకపోతే బిడ్డ నీలంగా మారుతుంది. మరీ ఎక్కువైతే ఆయాసపడుతుంది, పాలు తాగలేదు, బరువు పెరగదు. ఆలస్యమైతే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి ఆపై ఆపరేషన్లకు వీలుండదు.

లేని జఠరికను ఏ ఆపరేషనూ సృష్టించలేదు. శస్త్రచికిత్స చేసేది రక్తం దారి మళ్లించడమే. అది సాధారణంగా మూడు దశల్లో సాగుతుంది.

మొదటి దశ ఊపిరితిత్తులకు వెళ్లే రక్తాన్ని అదుపులోకి తేవడం. 1944 నవంబరు 29న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో, హెలెన్ టాసిగ్ ఆలోచన మేరకు, ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ ఒక నీలిబిడ్డకు చేతి ధమనిని పుపుస ధమనితో కలిపాడు. ఆ పద్ధతిని ప్రయోగశాలలో సాధించి పెట్టినవాడు వివియన్ థామస్. ఊపిరితిత్తులకు రక్తం తక్కువైన శిశువులకు నేటికీ ఆ సూత్రమే ఆధారం. ఎక్కువైన వారికి పుపుస ధమని చుట్టూ పట్టీ బిగిస్తారు. ఎడమ భాగం ఎదగని వారికి 1980ల తొలినాళ్లలో విలియం నార్‌వుడ్ మార్గం చూపాడు.

రెండో దశకు 1958లో యేల్‌లో విలియం గ్లెన్ చేసిన ఆపరేషన్ మూలం. తల, చేతుల నుంచి వచ్చే పై మహాసిరను నేరుగా పుపుస ధమనికి కుడతారు. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో ఇది జరిగితే జఠరిక మీద భారం తగ్గుతుంది.

మూడోది ఫాంటాన్. ఫ్రాన్సిస్ ఫాంటాన్ 1968లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మొదలుపెట్టి 1971లో ప్రకటించాడు. ఇప్పటి పద్ధతిలో రెండు నుంచి నాలుగేళ్ల మధ్య కింది మహాసిరను కూడా ఊపిరితిత్తుల దారికే కలుపుతారు. చెడు రక్తం ఇక గుండెను తాకకుండానే, మోటారు లేకుండా పల్లానికి పారే నీటిలా, ఊపిరితిత్తులకు చేరుతుంది. అందుకు సిరల్లో పీడనం మామూలుకన్నా పెరిగి 10 నుంచి 15 మిల్లీమీటర్ల (పాదరసం) దాకా ఉండాలి. ఊపిరి పీల్చడం, పిక్కల కండరాల కదలిక ఆ ప్రవాహానికి ఊతం. ఇంత స్వల్ప పీడనంతో నడిచేచోట నాళం వ్యాసార్థం సగమైతే నిరోధం 16 రెట్లవుతుంది. అతుకు దగ్గర సుడులు లేచినా శక్తి వృథాయే. ఈ సంగతిని 1988లో మార్క్ డి లెవాల్ బృందం ప్రయోగాలతో చూపి, అతుకుల తీరునే మార్చింది.

ఎప్పుడూ ఎక్కువగా ఉండే ఆ సిరల పీడనానికి మూల్యం ఉంది. కాలేయం గట్టిపడుతుంది, పేగుల నుంచి మాంసకృత్తులు కారిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు, రక్తం గడ్డకట్టవచ్చు. కాబట్టి మూడో ఆపరేషన్‌తో చికిత్స ముగియదు, జీవితాంతం సాగుతుంది.

సంగారెడ్డి జిల్లాలోని జిన్నారం, బొల్లారం, గడ్డపోతారం వంటి పారిశ్రామిక ప్రాంతాల్లో ఈ మాటకు బరువెక్కువ. పని వెంట ఊళ్లు మారే కుటుంబాల్లో దశల మధ్య బిడ్డ తప్పిపోవడం తేలిక. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే గుండె జబ్బులనూ పరీక్షల జాబితాలో చేర్చింది. పేదల చికిత్స ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం 2007 నుంచి ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో లివర్‌పూల్ సర్జన్ రమణ దన్నపునేని బృందం పిల్లలకు ఉచిత ఆపరేషన్లు చేసింది. సిద్దిపేట జిల్లా కొండపాకలో సత్య సాయి సంజీవని ఆసుపత్రి ఉచితంగా చికిత్స చేస్తోంది.

ఆపరేషన్ నగరంలో జరిగినా తర్వాతి కాపలా ఊళ్లోదే. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే ఈ పిల్లల రక్తప్రవాహం త్వరగా పడిపోతుంది. మొదటి దశలో ధమనుల మధ్య కలిపిన దారి (షంట్) ఉన్న శిశువుకు అది మూసుకుపోయే ప్రమాదం. మంచి చెడు రక్తాలు కలిసే దశలో సెలైన్ గొట్టంలోని గాలి బుడగ మెదడుకు చేరవచ్చు. పొట్ట, కాళ్లు ఉబ్బినా, గుండె దడ వచ్చినా గుండె నిపుణుడి దగ్గరికి పంపాలి. పళ్ల శుభ్రత, క్రమం తప్పని ఎకో, కాలేయ పరీక్ష అవసరం. ఏ దశ ఎప్పుడు జరిగింది, ఏ మందులు నడుస్తున్నాయి, ఒంట్లో ఆక్సిజన్ ఎంత ఉండాలి అన్నవి తెలుగులో రాసిన కాగితం కుటుంబం దగ్గర ఉంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి సరైన నిర్ణయం సులువవుతుంది.