షుగర్ ఉన్నవారు మూత్రంలో ప్రొటీన్ ఎందుకు చూపించుకోవాలి?



షోలాపూర్, భివండి నుంచి సేలం, బరంపురం, యానాం దాకా మనవాళ్ళు ఎక్కడ స్థిరపడినా, ఇద్దరు పెద్దలు కలిస్తే అడిగే మాట ఒకటుంది: "షుగర్ ఎంతుంది?" దాంతోపాటు ఇంకొక మాట కూడా అడగమని మేము కోరుతున్నాం: "మూత్రంలో ప్రొటీన్ చూపించుకున్నారా?"

ఒక్కో మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే సన్నని జల్లెడలు సుమారు 10 లక్షలు ఉంటాయి. వాటిని దగ్గరి నేత గుడ్డ అనుకోండి. మలినాలు, నీళ్ళు కిందికి దిగుతాయి. ఆల్బుమిన్ అనే ప్రొటీన్ రక్తంలోనే నిలుస్తుంది. ఏళ్ళ తరబడి షుగర్, బీపీ ఎక్కువగా ఉంటే ఆ నేత వదులవుతుంది, ఆల్బుమిన్ మూత్రంలోకి జారుతుంది. బట్టలో నేత వదులైతే మన వేలికి తెలుస్తుంది. ఇది మాత్రం తెలియదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. మూత్రంలో నురగ, కాళ్ళకు వాపు కనబడేసరికి చాలావరకు నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఇది కిడ్నీల సంగతి ఒక్కటే కాదు. మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఎక్కువ. ఒంట్లోని రక్తనాళాలు దెబ్బతింటున్నాయనడానికి అదొక గుర్తు.

పరీక్ష పేరు 'యూరిన్ ఏసీఆర్'. పొద్దున పట్టిన కొంచెం మూత్రం ఇస్తే చాలు. ఫలితం 30 లోపు ఉంటే మంచిది. 30 నుంచి 300 దాకా ఉంటే హెచ్చరిక. 300 దాటితే నష్టం బాగా ముదిరినట్టు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు లెక్క పెరగవచ్చు. అందుకే ఒక్కసారికే బెదిరిపోకండి, డాక్టరు చెప్పినట్టు మళ్ళీ చేయించండి. పెద్దవయసులో వచ్చే షుగర్ అయితే తెలిసిన రోజునే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చూపించుకోవాలి. దాంతోపాటు రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి.

తొందరగా పట్టుకుంటే దీన్ని తగ్గించవచ్చు, నెమ్మదింపజేయవచ్చు. కొన్ని బీపీ మాత్రలు, కొన్ని కొత్త షుగర్ మాత్రలు కిడ్నీని కూడా కాపాడతాయి. "బీపీ నార్మల్ అయింది కదా" అని సొంతంగా ఆపేయకండి. ప్రొటీన్ పోతోందని పొడులు కొని తాగకండి, దానివల్ల నేత బిగియదు. పొగాకు మానండి, ఉప్పు తగ్గించండి.

మన వృత్తిలో ఇంకొక ప్రమాదం ఉంది. రోజంతా గుంటమగ్గంలో కూర్చుని, లేదా మరమగ్గాల మధ్య నిలబడి, రాత్రికి నడుము నొప్పి అంటూ మెడికల్ షాపులో మాత్ర కొనుక్కోవడం మనలో చాలామందికి అలవాటు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ మింగితే దెబ్బతిన్న కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు.

డయాలసిస్ దాకా పోతే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు 4 గంటలు ఆసుపత్రి మంచం మీదే. ఆ రోజుల్లో మగ్గం ఆగుతుంది, తోడు వెళ్ళినవారి పనీ ఆగుతుంది. అది రాకముందే చేయించుకునే పరీక్ష ఇది. చదువుకున్న పిల్లలూ, మీ అమ్మానాన్నల రిపోర్టుల ఫైలు ఈ వారమే తీసి చూడండి. అందులో ఏసీఆర్ లేకపోతే వారిని వెంటబెట్టుకుని వెళ్ళండి.