సబ్‌వూఫర్ మోగట్లేదా? రిపేర్ షాప్‌కి మోసుకెళ్ళే ముందు ఇది చూడండి

ఏవీ రిసీవర్ కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పిన ఎపిసోడ్ కింద ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వచ్చింది. "అన్నా, కేబుల్ పెట్టాను, లైట్ వెలుగుతోంది, బేస్ మాత్రం రావట్లేదు." కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు ఏకంగా పెద్ద మెసేజ్ పెట్టాడు. షాప్‌లో చూపిస్తే లోపల ఆంప్లిఫయర్ బోర్డ్ పోయింది, 6 వేలు అవుతుంది అన్నారట. అడ్వాన్స్ కట్టాలా వద్దా అని అడిగాడు. ఆగు తమ్ముడూ, ముందు ఒక టెస్ట్ చేద్దాం అన్నాను. ఆ టెస్టే ఈ రోజు ఎపిసోడ్‌లో మెయిన్ పాయింట్.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. మీ సబ్‌కి వేరే పవర్ కేబుల్ ఉందా? ఉంటే అది పవర్డ్ సబ్‌వూఫర్, లోపలే సొంత ఆంప్లిఫయర్ ఉంటుంది. పవర్ కేబుల్ లేకుండా ఉత్త స్పీకర్ వైర్ టెర్మినల్స్ మాత్రమే ఉంటే అది పాసివ్ సబ్. పాత హోమ్ థియేటర్ సెట్లలో వచ్చేవి చాలావరకు ఇవే. వాటిని రిసీవర్ సబ్‌వూఫర్ అవుట్‌కి నేరుగా కలిపితే మోగవు. ఆ అవుట్ నుంచి వచ్చేది చిన్న సిగ్నల్ మాత్రమే, కోన్‌ని కదిలించే పవర్ కాదు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా పవర్డ్ సబ్ గురించి.

కనెక్షన్‌లో పెద్ద విషయం ఏమీ లేదు. రెండింటి స్విచ్ ఆఫ్ చేయండి, లేకపోతే కేబుల్ పెట్టగానే ఢబ్ మని కొడుతుంది. రిసీవర్ వెనక సబ్‌వూఫర్ ప్రీ అవుట్ అని రాసి ఉన్న చోటు నుంచి ఒక్క ఆర్‌సీఏ కేబుల్, సబ్ వెనక ఎల్‌ఎఫ్‌ఈ అని ఉన్న ఇన్‌పుట్‌కి. ఎల్‌ఎఫ్‌ఈ అని లేకుండా లెఫ్ట్, రైట్ అని రెండు ఉంటే మాన్యువల్ చూడండి, సాధారణంగా లెఫ్ట్ సరిపోతుంది. రెండింటికీ పెట్టాలని వై కేబుల్ కొనేస్తారు చాలామంది, అవసరం లేదు. సబ్ మీద వాల్యూమ్ నాబ్ సగానికి పెట్టండి. క్రాసోవర్ నాబ్ ఉంటే పూర్తిగా పైకి తిప్పేయండి. ఎందుకంటే ఎక్కడ కట్ చేయాలో రిసీవర్ ఆల్రెడీ చూసుకుంటుంది, రెండు చోట్లా కట్ చేస్తే మధ్యలో బేస్ మాయమవుతుంది.

ఇప్పుడు టెస్ట్. ఇందులో రిసీవర్‌కి పనే లేదు, మీ ఫోన్ చాలు. 3.5 ఎంఎం నుంచి ఆర్‌సీఏకి వెళ్ళే కేబుల్ ఒకటి తీసుకోండి, ఏ ఎలక్ట్రానిక్స్ షాప్‌లో అయినా దొరుకుతుంది. ఫోన్‌కి హెడ్‌ఫోన్ జాక్ లేకపోతే టైప్ సీ డాంగిల్ పెట్టుకోండి. రిసీవర్ నుంచి వచ్చే కేబుల్ పీకేసి, ఫోన్ కేబుల్‌లోని రెండు పిన్నుల్లో ఏదో ఒకటి సబ్‌లో పెట్టండి. సబ్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, టోన్ జనరేటర్ యాప్‌లో 50 హెర్ట్జ్ ప్లే చేసి, నెమ్మదిగా పెంచండి. సబ్ బాగుంటే గది గుమ్ అంటుంది. అన్నట్టు, ఇదే టోన్ మీ ఫోన్ స్పీకర్‌లో వేస్తే దాదాపు ఏమీ వినపడదు, అంత కిందికి వెళ్ళే సైజ్ దానికి లేదు.

గుమ్ అందా? అయితే సబ్‌లో ఏమీ పోలేదు, ప్రాబ్లం కేబుల్‌లోనో రిసీవర్ సెట్టింగ్స్‌లోనో ఉంది. ఏమీ రాకపోతే ఫ్యూజ్ చూడండి, ఆటో ఆన్ స్విచ్‌ని ఆన్‌కి మార్చి మళ్ళీ చూడండి, అప్పటికీ రాకపోతే అప్పుడు షాప్. మన కరీంనగర్ తమ్ముడు షాప్ నుంచి బాక్స్ ఇంటికి తెచ్చుకుని ఈ టెస్ట్ చేశాడు. కిటికీ అద్దాలు అదిరాయంట. 6 వేలు జేబులోనే ఉన్నాయి.

మరి రిసీవర్ నుంచి ఎందుకు రాలేదు? దీని మీద కొంచెం ఎక్కువ టైమ్ తీసుకుంటా, ఎందుకంటే నాకు వచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ ఇక్కడే తేలుతున్నాయి.

5.1 సినిమాలో ఆ పాయింట్ వన్ అంటే సబ్ కోసమే పెట్టిన వేరే ట్రాక్. పేలుళ్ళు, ఉరుములు అందులో ఉంటాయి. కానీ మనం రోజూ వినేది ఏంటి? యూట్యూబ్‌లో పాటలు. అవి స్టీరియో, అంటే రెండే ఛానెల్స్. పాయింట్ వన్ అనేదే లేదు. అప్పుడు సబ్‌కి ఏదైనా వెళ్ళాలంటే, లెఫ్ట్ రైట్ ఛానెల్స్‌లో ఉన్న బేస్‌ని రిసీవర్ వేరు చేసి పంపాలి. దాన్నే బేస్ మేనేజ్‌మెంట్ అంటారు. అది జరగాలంటే మెనూలో ఫ్రంట్ స్పీకర్లు స్మాల్ అని ఉండాలి. లార్జ్ అని ఉంటే, "ఈ స్పీకర్లు అంతా వాయించగలవు, సబ్‌తో పని లేదు" అని రిసీవర్ అనుకుంటుంది. మొత్తం బేస్ ఫ్రంట్ స్పీకర్లకే పోతుంది. సబ్ లైట్ వెలుగుతూ ఖాళీగా కూర్చుంటుంది.

స్మాల్ అనే మాట చూసి ఫీల్ అవకండి. మీ టవర్ స్పీకర్లు నాలుగు అడుగులు ఉన్నా స్మాల్ అనే పెట్టండి, అది సైజ్ గురించి కాదు. డెనాన్‌లో సెటప్, స్పీకర్స్, మాన్యువల్ సెటప్, అందులో స్పీకర్ కాన్ఫిగ్. వేరే బ్రాండ్లలో పేర్లు కొంచెం మారతాయి. అక్కడే సబ్‌వూఫర్ ఎస్ అని ఉందో లేదో కూడా చూడండి. క్రాసోవర్ 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. చిన్న శాటిలైట్ స్పీకర్లైతే 100, 120 కూడా పెట్టాల్సి రావచ్చు. మైక్ పెట్టి చేసే ఆటో కాలిబ్రేషన్ కొన్నిసార్లు తనంతట తానే లార్జ్ అని రాసేస్తుంది, అది అయ్యాక మెనూలోకి వెళ్ళి ఒకసారి చూసుకోవాలి. చాలా మోడల్స్‌లో ప్యూర్ డైరెక్ట్ మోడ్ పెట్టినా స్టీరియో పాటకి సబ్ పనిచేయదు. పాట వినేటప్పుడు స్టీరియో మోడ్‌లో పెట్టుకోండి.

కాలిబ్రేషన్‌లో సబ్ దూరం టేపుతో కొలిచిన దానికంటే ఎక్కువ చూపిస్తే మార్చకండి. సబ్ లోపలి సర్క్యూట్ వల్ల వచ్చే ఆలస్యాన్ని కూడా అది దూరంగానే లెక్కేస్తుంది.

ఇంకో కంప్లయింట్: తక్కువ సౌండ్‌లో సినిమా చూస్తుంటే సబ్ నిద్రపోతోంది. ఆటో స్టాండ్‌బైని లేపేంత సిగ్నల్ రావట్లేదన్నమాట. రిసీవర్‌లో సబ్ లెవెల్ కొంచెం పెంచి, సబ్ వెనక నాబ్ అంతే తగ్గించండి. బేస్ అంతే ఉంటుంది, కేబుల్‌లో సిగ్నల్ పెరుగుతుంది, సబ్ లేస్తుంది.

ఇప్పుడు హమ్. మ్‌మ్‌మ్ అని ఎప్పుడూ వచ్చే శబ్దం. మన కరెంట్ 50 హెర్ట్జ్, ఆ 50, 100 హెర్ట్జ్ శబ్దాన్నే సబ్ మనకి వినిపిస్తుంది. సబ్ నుంచి ఆర్‌సీఏ కేబుల్ పీకండి. అయినా హమ్ ఉంటే తేడా సబ్‌లోనే ఉండొచ్చు. పోతే కేబుల్ తేడా కావచ్చు, లేదా గ్రౌండ్ లూప్, అంటే రెండు దార్లలో ఎర్త్ కలవడం.

ఇక్కడ ఒక సలహా బాగా తిరుగుతోంది, "ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయ్, హమ్ పోతుంది" అని. నిజమే, హమ్ పోతుంది. కానీ దయచేసి చేయకండి. మూడు పిన్నుల ప్లగ్‌లో పైన ఉన్న లావు పిన్ అది. లోపల ఎక్కడైనా వైర్ ఊడి మెటల్ ప్యానెల్‌కి తగిలితే, ఆ కరెంట్ ఎర్త్ వైర్‌లోంచి పోయి ఫ్యూజో ఎంసీబీనో పడిపోవాలి. పిన్ లేకపోతే ప్యానెల్ లైవ్‌లోనే ఉండిపోతుంది. అక్కడితో ఆగదు, ఆర్‌సీఏ కేబుల్ పై తొడుగు మీదుగా రిసీవర్ బాడీకి, హెచ్‌డీఎంఐ మీదుగా టీవీకి వెళ్తుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఏది ముట్టుకుంటారో మనకి తెలియదు. రెండు పిన్నుల ప్లగ్‌తోనే కంపెనీ నుంచి వచ్చిన సబ్‌లు వేరు, వాటి వెనక చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది. వాటికి డబుల్ ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి ఎర్త్ అక్కర్లేదు.

సరైన దారి ఏంటంటే, ముందు సబ్, రిసీవర్, టీవీ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. తగ్గకపోతే సెట్ టాప్ బాక్స్ వెనక కేబుల్ వైర్ తిప్పి ఊడదీయండి. మన ఇళ్ళలో చాలాసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు. స్తంభం మీదుగా వచ్చే ఆ వైర్ ఇంకెక్కడి ఎర్త్‌నో మోసుకొస్తుంది. అది తీయగానే హమ్ ఆగితే, ఆ వైర్‌కి గాల్వానిక్ ఐసొలేటర్ పెట్టించండి. డిష్ యాంటెన్నా వైర్‌కి మాత్రం అది పనికిరాదు, పైన ఉన్న ఎల్‌ఎన్‌బీకి కరెంట్ ఆ వైర్‌లోనే వెళ్ళాలి కదా. ఆర్‌సీఏ కేబుల్ మధ్యలో పెట్టే చీప్ ఐసొలేటర్లు ఉంటాయి, హమ్‌తో పాటు అడుగు బేస్‌ని కూడా తినేస్తాయి. నాకు నచ్చవు. ఇక ఆ వైర్ ముట్టుకుంటే జివ్వుమంటే అది ఆడియో ప్రాబ్లం కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంటి ఎర్తింగ్ చెక్ చేయించండి.

చివరిగా, అన్నీ సరిగ్గా ఉన్నా సోఫాలో కూర్చుంటే బేస్ లేదు, కిచెన్‌లో మాత్రం గిన్నెలు మోగుతున్నాయి అంటారు కొందరు. 40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. గది గోడలకి కొట్టుకుని కొన్నిచోట్ల కలిసి పెరుగుతుంది, కొన్నిచోట్ల కొట్టేసుకుంటుంది. సబ్‌ని సోఫా మీద పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, మీరు నేల మీద పాకుతూ వినండి. ఎక్కడ బాగుందో అక్కడ సబ్ పెట్టండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత ఫేజ్ స్విచ్ 0, 180 రెండూ మార్చి చూసి, ఎక్కువ బేస్ వచ్చేది ఉంచండి. అపార్ట్‌మెంట్ అయితే కింద మందపాటి రబ్బర్ మ్యాట్ వేసి, రాత్రి 10 తర్వాత లెవెల్ తగ్గించుకోండి. గోడలు అడ్డుపెడితే ఆగే శబ్దం కాదిది.

ఫోన్ టెస్ట్ చేసినవాళ్ళు గుమ్ అందా లేదా అని, రిసీవర్ మోడల్ నంబర్‌తో కామెంట్‌లో రాయండి. మెనూలో ఎక్కడ చూడాలో రిప్లై ఇస్తా. ఉంటా, బై.